వాటా సంగతి ఎవరూ ఎత్తరేం? – ‘మదర్ మేరీ కమ్స్ టు మీ’ చదివాక

పుస్తకం కొని మూణ్ణెల్లు బల్ల మీద పెట్టుకుని, దాని మీద వచ్చిన రివ్యూలు మాత్రం చదువుతూ కూర్చున్నాను. నాకున్న పాత జబ్బే ఇది, సినిమాలకీ ఇంతే, టికెట్ కొనేలోపు కథంతా తెలిసిపోతుంది. ‘మదర్ మేరీ కమ్స్ టు మీ’ రచయిత్రి అరుంధతీ రాయ్ వాళ్లమ్మ గురించీ తన గురించీ రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం. 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, ఆ అమ్మ మేరీ రాయ్ పోయిన మూడేళ్లకి. కొచ్చిలో సెయింట్ థెరిసాస్ కాలేజీలో విడుదల చేశారు, ఆ హాలు పేరు కూడా మదర్ మేరీ హాలే అట. ఆ వారం నుంచీ ఇంగ్లిష్ పేపర్ల నిండా ఈ పుస్తకమే. న్యూయార్క్ టైమ్స్ ఆ ఏటి పది మేటి పుస్తకాల్లో దీన్నీ చేర్చింది. ఇన్ని చదివి చివరికి పుస్తకం తెరిస్తే, రెండో రోజు రాత్రికే నాకో అనుమానం పట్టుకుంది. వీళ్లంతా చదివిందీ నేను చదువుతున్నదీ ఒకటేనా?

నేను చూసినంతలో రివ్యూలు మూడు రకాలు. మొదటి రకానికి ఇది అమ్మా కూతుళ్ల కథ: కోపిష్టి తల్లి, పారిపోయిన కూతురు, చివర్లో కన్నీళ్లు. విదేశాల్లో రాసినవాళ్లలో ఎక్కువమంది ఈ రకం. రెండో రకం వాళ్లు పుస్తకం తెరవకముందే తీర్పు రాసి పెట్టుకున్నారు. అరుంధతీ రాయ్ రాజకీయాలు నచ్చినవాళ్లకి అద్భుతం, నచ్చనివాళ్లకి చెత్త, మధ్యలో పుస్తకం ఎవడిక్కావాలి. మూడోది మన దేశానికే చెల్లింది. అట్ట మీద ఆవిడ వయసులో ఉన్నప్పటి ఫొటో ఉంది, నోట్లో బీడీతో. దాని మీద కేరళ హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేశారు, పొగాకుని ప్రోత్సహిస్తోంది, అమ్మకాలు ఆపమని. పుస్తకం వెనకవైపు ప్రచురణకర్తలు హెచ్చరిక వేసే ఉన్నారు, పిటిషనర్ అది చూసినట్టు లేదు. అక్టోబర్‌లో హైకోర్టు కొట్టేసింది, డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా కొట్టేసింది. పుస్తకంలో ఏముందన్న దాని మీద ఇంత ఓపిగ్గా ఎవరైనా వాదించుకున్నారా అంటే నాకు కనబడలేదు.

నేను చదివింది మాత్రం ఒక ఇంటి వాటా గొడవ. మొదటి పేజీల నుంచి చివరిదాకా ఇల్లు ఎవరిది, ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి, ఎవరు ఎవర్ని బయటికి నెట్టారు, ఇదే. తల్లీ కూతుళ్ల ప్రేమ, కోపం అన్నీ ఆ గోడల మధ్యే జరుగుతాయి. దాన్ని పక్కన పెట్టి ‘టాక్సిక్ మదర్’ అని ఒక్క మాటలో తేల్చేసిన రివ్యూలు చూస్తే నాకు ఒళ్లు మండింది.

ఊటీ సంగతే చూడండి. మేరీ రాయ్ కేరళలోని పాత క్రైస్తవ వర్గమైన సిరియన్ క్రిస్టియన్ల కుటుంబంలోంచి వచ్చి, అస్సాం టీ తోటలో పనిచేసే బెంగాలీని పెళ్లి చేసుకుంది. ఆయన తాగుడు భరించలేక ఇద్దరు చంటిపిల్లల్ని వెంటేసుకుని ఊటీ వచ్చేసింది. అక్కడ వాళ్ల నాన్నకి ఒక చిన్న ఇల్లుంది, అందులో దిగింది. ఆవిడకి ఉబ్బసం, చేతిలో డబ్బు లేదు, పిల్లలు ఇంకా మాటలు నేర్చుకునే వయసు. కొన్నాళ్లకి కన్నతల్లీ తోడబుట్టినవాడూ కేరళ నుంచి బయల్దేరి వచ్చారు. చూసి పోవడానికని అనుకుంటాం కదా. ఖాళీ చేయించడానికి వచ్చారు! ఆడపిల్లకి తండ్రి ఇంట్లో హక్కు లేదు పొమ్మన్నారు. అప్పుడు ఒక లాయరు చెప్పాడు: అమ్మా, నువ్వు భయపడుతున్న ఆ చట్టం ఇప్పటి కేరళలో కలిసిపోయిన పాత తిరువాన్కూర్ రాజ్యంలోదే, ఇది తమిళనాడు, ఇక్కడ అది చెల్లదు. ఆ ఒక్క మాట మీద ఆ తల్లీపిల్లలు అక్కడ ఉండగలిగారు.

రాష్ట్రం సరిహద్దుకి అటుంటే రోడ్డు మీద, ఇటుంటే ఇంట్లో. ఈ ఘట్టాన్ని చాలా రివ్యూలు ‘కష్టాలు పడింది’ అన్న రెండు ముక్కల్లో దాటేశాయి. నాకు మాత్రం పుస్తకమంతా ఈ గదిలోనే పుట్టినట్టనిపించింది.

ఆ చట్టం సంగతి కాస్త చెప్పాలి, చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. 1916 నాటి తిరువాన్కూర్ క్రైస్తవ వారసత్వ చట్టం. తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతురికి వచ్చేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా అయిదు వేల రూపాయలు. రెండిట్లో ఏది తక్కువైతే అది. ‘ఏది తక్కువైతే అది’ అన్న ముక్క నేను మూడుసార్లు చదివాను. తండ్రికి వంద ఎకరాల రబ్బరు తోట ఉన్నా సరే కూతురికి దక్కేది అయిదు వేలు, అదీ కట్నం ముందే ముట్టిందని తేలకపోతే. మేరీ రాయ్ ఇది మనసులో పెట్టుకుని, స్కూలు పెట్టి, నిలదొక్కుకుని, 1983లో నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లింది, తోడబుట్టినవాడికి ఎదురుగా. 1986 ఫిబ్రవరి 24న తీర్పొచ్చింది, ఆవిడ గెలిచింది. ఆ తీర్పు 1951 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా ఉండటంతో, ముప్పై అయిదేళ్లుగా పంచుకుని కూర్చున్న కుటుంబాల్లో గగ్గోలు మొదలైంది.

‘వలస పాలన నీడ’ అని రివ్యూల్లో ఊరికే ఒక మాట వాడేస్తున్నారు కదా, నా గొడవంతా అక్కడే. ఆ నీడ అంత నేరుగా పడలేదు మరి. ఆడపిల్లని తొక్కిన 1916 చట్టం చేసింది మన మహారాజా వారి ప్రభుత్వం. ఆవిడని గెలిపించింది 1925 నాటి భారత వారసత్వ చట్టం, అంటే తెల్లవాళ్లు ఢిల్లీలో కూర్చుని చేసినది. కోర్టు స్త్రీ పురుష సమానత్వం మీద రాజ్యాంగం ఏం చెబుతోందన్న ప్రశ్న జోలికే పోలేదు. 1951లో పార్లమెంటు చేసిన ఒక చట్టంతో పాత రాజ్యాల చట్టాలు రద్దయ్యాయి కాబట్టి 1925ది వర్తిస్తుంది, అంతే, పేపర్ పని. స్వతంత్ర భారతదేశంలో ఒక ఆడది తన వాటా కోసం చివరికి బ్రిటిష్ వాళ్ల చట్టాన్నే చూపించాల్సొచ్చింది. దీన్ని ఏ డబ్బాలో వేస్తారు?

కుటుంబం చూసినా అదే తిరకాసు. అరుంధతి తాత, అంటే మేరీ రాయ్ తండ్రి, బ్రిటిష్ ప్రభుత్వంలో ఇంపీరియల్ ఎంటమాలజిస్టు, సామ్రాజ్యం వారి పురుగుల నిపుణుడన్నమాట. బయట దొర, ఇంట్లో మాత్రం భార్య తల ఇత్తడి కూజాతో పగలగొట్టిన మనిషి, పిల్లల్ని కొరడాతో కొట్టి గుమ్మం బయటికి తరిమినవాడు. మేనమామ రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి చివరికి పచ్చళ్ల ఫ్యాక్టరీ నడిపాడు. తండ్రి టీ తోటల్లో, ఆ తోటల సంస్కృతి ఎవరిదో చెప్పక్కర్లేదు. ఇటు చూస్తే స్కూలు మొదలుపెట్టడానికి మేరీ రాయ్‌కి తోడొచ్చింది ఒక బ్రిటిష్ మిషనరీ ఆవిడ. ఆ తర్వాత కొండ మీద క్యాంపస్ కట్టింది లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు, ఆయనా ఇంగ్లండ్‌లో పుట్టినవాడే, ఆ కట్టడాలు చూసే అరుంధతి ఢిల్లీ వెళ్లి ఆర్కిటెక్చర్ చదివింది. ఏది ఎవరి పాపం, ఏది ఎవరి పుణ్యం అని గీత గీసి చెప్పడం కష్టం. రాయ్ కూడా గియ్యలేదు. ఇది పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి.

స్కూలు మొదలైన తీరు వేరే చెప్పాలి. 1967, కొట్టాయంలో రోటరీ క్లబ్ హాలు అద్దెకి తీసుకున్నారు. ఏడుగురు పిల్లలు, అందులో ఇద్దరు తన పిల్లలే. సాయంత్రం క్లబ్బు మగాళ్లు వచ్చి కూర్చుని కాఫీలు తాగి సిగరెట్లు కాల్చి పోయేవారు. పొద్దున్నే పిల్లలూ టీచరూ వచ్చి ఎంగిలి కప్పులు తీసి, సిగరెట్ పీకలు ఊడ్చి, బల్లలు వేసుకుంటే అప్పుడు స్కూలు. సాయంత్రం మళ్లీ అన్నీ మడిచి పెట్టాలి. ఊరి పెద్దమనుషుల పీకలు ఏరుకుంటూ పెరిగిన పిల్ల పెద్దయ్యాక తన నోట్లో బీడీ పెట్టుకుంటే, దాని మీద కోర్టులో కేసు! ఆ పిల్ వేసినాయన ఈ పేజీలు చదివి ఉంటే బాగుండేది.

ఇక ఆ మహాతల్లి సంగతి. అరుంధతి ఆవిణ్ని పుస్తకమంతా ‘మిసెస్ రాయ్’ అనే అంటుంది. స్కూల్లో అందరిలాగే కన్నపిల్లలూ అలాగే పిలవాలి. (మన దగ్గర టీచర్ల పిల్లలకి ఇది తెలుసు. మా క్లాసులో ఒకడు ఇంట్లో అన్నం పెట్టమని అడగడానికి కూడా ‘టీచర్’ అనేసి తన్నులు తిన్నాడు.) మిసెస్ రాయ్‌కి ఉబ్బసం ఎప్పుడు ముంచుకొస్తుందో తెలీదు, పోతానేమో అంటూ ఉంటుంది, ఆ చంటిది అమ్మ కోసం తాను ఊపిరి పీల్చాలనుకుంటూ, అమ్మ ఒంట్లో మరో అవయవంలా బతికింది. అదే అమ్మ పెంపుడు కుక్క వీధి కుక్కతో కలిసిందని దాన్ని కాల్పించింది. అదే అమ్మ ఊరందరి ఆడపిల్లలకి వెన్ను నిటారుగా పెట్టుకుని నడవడం నేర్పింది.

నన్ను వదలని ఘట్టం మాత్రం చెక్క స్కేలుది. అన్నకి ప్రోగ్రెస్ రిపోర్టులో ‘యావరేజ్’ అని వచ్చింది. రాత్రి అమ్మ వాణ్ని గదిలోకి తీసుకెళ్లి స్కేలు విరిగేదాకా కొట్టింది. చెల్లెలు తాళంకన్నంలోంచి చూస్తోంది. తెల్లారాక చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది, ఎందుకంటే దాని రిపోర్టులో ‘బ్రిలియంట్’ అని ఉంది. ఆ రోజు నుంచీ తనని ఎవరు పొగిడినా, చప్పట్లు కొట్టినా, పక్క గదిలో ఎవరో నోరెత్తకుండా దెబ్బలు తింటున్నట్టే ఉంటుందని రాసింది. 1997లో మొదటి నవల ‘ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’కి బుకర్ బహుమతి వచ్చిన రోజులు చదువుతుంటే నాకు ఆ స్కేలే గుర్తొస్తూ ఉంది. ఆ తర్వాత నర్మద ఆనకట్టల మీద రాసినా, కోర్టు ధిక్కారానికి 2002లో ఒక రోజు తీహార్ జైల్లో ఉన్నా, అడవుల్లో మావోయిస్టుల వెంట తిరిగినా, పక్క గదిలో ఏం జరుగుతోందో చూసే పిల్లే అది. ఆవిడ చెప్పే ప్రతి మాటా నేను ఒప్పుకుంటానని కాదు, కొన్ని వ్యాసాలు చదివి పుస్తకం విసిరేసిన రోజులు ఉన్నాయి. ఆవిడ ఎందుకలా ఉందో మాత్రం ఈ రెండు పేజీలతో తెలిసింది.

‘పో బయటికి’ అన్న మాట ఈ ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి ఎలా చేతులు మారిందో గమనించారా? తాత పిల్లల్ని గెంటాడు. మేనమామా అమ్మమ్మా ఊటీ వచ్చి తల్లిని గెంటబోయారు. ఆ తల్లి కూతురితో కోపమొచ్చినప్పుడల్లా నా ఇంట్లోంచి పో, నా కార్లోంచి దిగు అనేది. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ పిల్ల నిజంగానే పోయింది, కొన్నేళ్లపాటు ఇంటి ముఖం చూడలేదు. అమ్మ మీద ప్రేమ లేక వెళ్లలేదనీ, అక్కడే ఉంటే ఆ ప్రేమ కూడా మిగలదేమోనని వెళ్లాననీ రాసుకుంది. ఈ మాటని ప్రతి రివ్యూవరూ ఎత్తి రాశాడు, బాగుంటుంది కాబట్టి. ఇంటికోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పాత తిరువాన్కూర్‌లోని క్రిస్టియన్ ఆడపిల్లలందరికీ పుట్టింట్లో చోటు సంపాదించిన మనిషి, సొంత కూతుర్ని మాత్రం ఇంట్లో ఉండనివ్వలేకపోయిందన్న సంగతి ఎవరూ రాయలేదు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలి, ఇది రివ్యూ పద్ధతి కాదని తెలిసినా.

మేరీ రాయ్ తీర్పు వచ్చిన 1986లోనే మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా, 1985 సెప్టెంబర్ 5 నుంచి. ఆ తేదీకి పెళ్లి కాని ఆడపిల్లలకి వర్తిస్తుంది. దేశమంతటికీ ఇలాంటి చట్టం 2005లో గానీ రాలేదు, అంటే మనం ఇరవయ్యేళ్లు ముందున్నాం, చెప్పుకోడానికి గొప్పగానే ఉంటుంది. మా మేనత్తకి 1989లో పెళ్లయింది. చట్టం ప్రకారం ఆవిడకి వాటా ఉంది. తాతయ్య పోయాక ఏడాది తిరక్కుండా ఆవిణ్ని రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లారు. నాకప్పుడు పదేళ్లు, నేనూ వెళ్లాను, ఎందుకంటే వచ్చేటప్పుడు హోటల్లో మసాలా దోసె ఇప్పిస్తారు. అత్తయ్యకి పట్టుచీర కొన్నారు. పసుపు కుంకుమ కింద కొంత డబ్బు చేతిలో పెట్టారు. వేలిముద్రలకి నీలం సిరా ప్యాడ్ బల్ల మీద ఉంది, అయినా నాకు సంతకం వచ్చు అని అత్తయ్య పెన్ను అడిగి తీసుకుంది, పేజీ పేజీకీ పెట్టింది. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవర్నీ గెంటలేదు, చాలా మర్యాదగా జరిగింది. ఆ వాటా మా నాన్నకొచ్చింది. నా ఇంజినీరింగ్ ఫీజు ఆ పొలం అమ్మిన డబ్బులోదే.

అందుకే ఈ పుస్తకాన్ని ‘వాళ్ల కేరళ క్రిస్టియన్ల గొడవ’ అని చదవడం నావల్ల కాలేదు. అక్కడా ఇదే జరిగింది, తీర్పొచ్చాక చాలామంది తండ్రులు గబగబా వీలునామాలు రాసేశారు, కొడుకుల పేర్న. చట్టం వీలునామా లేనప్పుడే కదా వర్తించేది. చర్చి పెద్దలకీ తీర్పు మింగుడుపడలేదు. మేరీ రాయ్ గెలిచింది, కానీ ఎంతమంది కూతుళ్లు ఆ గెలుపు పట్టుకుని కోర్టుకి వెళ్లారు? అన్నదమ్ముల్ని వదులుకోడానికి సిద్ధపడినవాళ్లే వెళ్తారు. మిసెస్ రాయ్ సిద్ధపడింది. ఆవిడ ఎంత భయంకరమైన మనిషో చెప్పే పేజీలు చదువుతున్నప్పుడల్లా నాకు ఇదే తోచింది, మంచి మనిషైతే సంతకం పెట్టేసేది. మా అత్తయ్యలాగా.

చనిపోయిన తల్లి గురించి ఇలా రాయొచ్చా అని ఒక చర్చ నడిచింది, మన వాళ్లలోనూ విన్నాను. ‘పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలి’ అని ఒకావిడ నాతో తెగేసి చెప్పారు. చదివారా అంటే లేదన్నారు. చదివితే తెలుస్తుంది, ఇందులో తల్లి మీద పగ లేదు. ఉన్నదల్లా ఒక రకమైన అబ్బురం. అమ్మ పోయిందని తెలిసి అరుంధతి ఎంత కుప్పకూలిపోయిందంటే తనకే సిగ్గేసిందట. నీతో ఉన్నంత ఘోరంగా ఆవిడ ఇంకెవరితోనూ లేదు, నువ్వెందుకింత ఏడుస్తున్నావు అని అన్నే ఆశ్చర్యపోయాడు. స్కేలు దెబ్బలు తిన్నవాడు అడిగిన మాట అది. ఈ అన్న గురించి ఇంకా రాయాల్సింది. రాసిన కాస్తలోనే పుస్తకం మొత్తానికి ఆయనే నాకు దగ్గరివాడిలా అనిపించాడు.

లోపాలు లేవా అంటే, బోలెడు. రెండో సగంలో మిసెస్ రాయ్ పేజీలకి పేజీలు కనబడదు, ఆ చోటంతా అరుంధతి పాత వ్యాసాలు ఎలా రాసిందో, ఏ కేసు ఎలా నడిచిందో చెప్పే రన్నింగ్ కామెంటరీ. ఆ వ్యాసాలు ముందే చదివినవాళ్లకి బోరు, చదవనివాళ్లకి అర్థం కాదు. సినిమాలు తీసిన రోజులు, ఆ స్నేహాలు, పెళ్లి, ఇవన్నీ సరదాగా ఉన్నా పరుగులో చెప్పినట్టున్నాయి. పేరాకొక మెరుపు వాక్యం పెట్టాలన్న పట్టుదల కూడా ఎక్కువే, చదువుతూ చదువుతూ ‘అమ్మా, ఒక్క మామూలు వాక్యం రాయి తల్లీ’ అనిపిస్తుంది. తాగుబోతు తండ్రి చాలా ఏళ్లకి కనబడే భాగం మాత్రం దీనికి మినహాయింపు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు, అంత నవ్విస్తాడు. తల్లి మోసిన బరువంతా మోయకుండా తప్పించుకున్నవాడికి నవ్వించడం సులువే కదా, ఆ ముక్క కూడా ఎక్కడైనా అనుంటే బాగుండేదనిపించింది.

నాకు నిజంగా కొరత అనిపించింది ఇంకొకటి. ఈ వాటా గొడవంతా వాటా వేసుకోడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లది. అదే కేరళలో దళిత క్రైస్తవులకి చర్చిలో కూడా వేరే వరసలు ఉండేవి, తోటలూ బంగళాలూ ఎక్కడివి. తన మొదటి నవలలో ఈ సంగతిని కళ్లకి కట్టినావిడ, సొంత కథకొచ్చేసరికి ఆ ఇంటి పెరట్లో పనిచేసినవాళ్ల వైపు ఇంకొంచెం తిరిగి ఉండాల్సింది. నన్ను రివ్యూ రాయమంటే మొదట అడిగే ప్రశ్న ఇదే. బీడీ దగ్గర ఆగిపోయినవాళ్లు ఇంతదూరం ఎలా వస్తారు.

ఇంగ్లిష్ కష్టంగా ఉంటుందా అని అడుగుతున్నారు. లేదు. నాలుగు వందల పేజీలకి కాస్త తక్కువ, మొదటి నవల్లాగా మెలికలు తిప్పదు, నేరుగా కూర్చుని చెప్పినట్టే ఉంటుంది. మొదటి సగం నేను రెండు రాత్రుల్లో అవగొట్టాను, రెండో సగానికి రెండు వారాలు పట్టింది. కొనాలా, ఎవరి దగ్గరైనా అడిగి చదవాలా అంటే కొనండి, ఊటీ భాగం ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించాలనిపిస్తుంది.

నేను అదే చేశాను. మొన్న అత్తయ్య వచ్చినప్పుడు, ఆవిడ వంటింట్లో పాలు కాస్తుంటే, తలుపు దగ్గర నిలబడి ఆ రెండు పేజీలూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆవిడ దగ్గరికి తల్లీ తోడబుట్టినవాడూ రావడం, లాయరు చెప్పిన మాట, తర్వాత సుప్రీంకోర్టు, అన్నీ. అత్తయ్య పాల మీద నుంచి చూపు తిప్పకుండా వింది. అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. పాలు పొంగబోతే గరిటె వేసి తిప్పింది.

“అయితే ఆవిడ సంతకం పెట్టలేదన్నమాట” అంది. స్టవ్ ఆపేసి, నాన్నకి కాఫీ కలపడానికి గ్లాసు తీసింది.